గీత దాటి నిలవలేని ధర: 2024 మే నెల నిఫ్టీ పాఠం

నిరోధ స్థాయిని, అంటే పెరుగుతున్న ధర ఆగి వెనుదిరిగే గీతను, ధర దాటగానే కొనాలన్నది చార్టులు చూడడం మొదలుపెట్టిన ప్రతివారూ ముందుగా నేర్చుకునే సూత్రం. నేనూ చాలాకాలం అదే చేశాను. దాటిన ధర నిలవలేక మళ్లీ లోపలికి వచ్చినప్పుడు అమ్మడమనే పద్ధతికి ఆ తరువాత, కొంత సొమ్ము పోగొట్టుకున్నాకే మళ్లాను. ఆ పద్ధతి బలమూ బలహీనతా కూడా 2024 మే నెలాఖరున, 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ అయిన నిఫ్టీలో పది, పన్నెండు రోజుల వ్యవధిలోనే బయటపడ్డాయి.

ఆ ఏడాది మే 3న నిఫ్టీ 22,794.70 వరకు వెళ్లి, అప్పటికి అదే జీవితకాల గరిష్ఠమై, అక్కడి నుంచి వెనుదిరిగి 13వ తేదీన 21,821కి పడింది. కాబట్టి 22,795 దగ్గర ఒక గీత అందరి చార్టుల్లోనూ ఉంది. మే 23న సూచీ దాదాపు 370 పాయింట్లు పెరిగి 22,967 వద్ద ముగియడంతో ఆ గీత తెగింది. మరునాడు మొదటిసారిగా 23,000 దాటింది, 27న 23,110ని తాకింది. అయినా ఆ రెండు రోజులూ ముగింపు మాత్రం 23,000 లోపే.

ఇలాంటి చోట గీత పైన పేరుకునే ఆర్డర్లు ఎవరివో ఆలోచించాలి. కింద షార్ట్ చేసినవారి (ధర పడుతుందని ముందే అమ్మి, తరువాత కొని తీర్చేవారి) స్టాప్‌లాస్‌లు, అంటే నష్టం పెరగకుండా ముందే పెట్టుకున్న ఆర్డర్లు, అక్కడే ఉంటాయి, అవి కొనుగోలు ఆర్డర్లే. బ్రేకౌట్ కోసం, అంటే ధర గీత దాటడం కోసం, కాచుకున్నవారివీ కొనుగోళ్లే. పెద్ద మొత్తంలో అమ్మదలచినవారికి అంతమంది కొనేవారు ఒక్కచోట దొరకడం అరుదు కనుక, వారు తమ సరుకును అక్కడే వదిలించుకుంటారు. ఆ కొనుగోళ్లు తీరిపోయాక పైన కొనేవారు ఉండరు. ధర గీత కిందికి జారిందంటే, పైన కొన్నవారి స్టాప్‌లాస్‌లు ఒక్కొక్కటిగా అమ్మకాలుగా మారి పతనాన్ని తామే పెంచుతాయి. దీన్నే రిచర్డ్ వైకాఫ్ అనే అమెరికన్ ట్రేడర్ చార్టు పద్ధతిలో అప్‌థ్రస్ట్ అంటారు. మద్దతు స్థాయి (పడుతున్న ధర ఆగే గీత) వద్ద తలకిందులుగా జరిగితే స్ప్రింగ్.

గీత దాటిన క్షణంలోనే ఎదురు అమ్మడం మాత్రం నా దృష్టిలో తొందరపాటే. నేను ముగింపు కోసం ఆగుతాను. మే 29న మధ్యాహ్నం మూడుంబావు దాటాక కూడా సూచీ 22,700 ప్రాంతంలోనే కదలాడుతుండడంతో, మరునాడే మే కాంట్రాక్టుల గడువు కాబట్టి, జూన్ ఫ్యూచర్ (జూన్ నెలాఖరున గడువు తీరే నిఫ్టీ కాంట్రాక్టు) అమ్మాను. ఆ రోజు ముగింపు 22,704. స్టాప్‌లాస్ 23,110కి కాస్త పైన, అంటే నష్టం 400 పాయింట్లకు కాస్త అటూ ఇటూగానే ఆగాలని నా లెక్క. (ఫ్యూచర్ ధర కొంచెం తేడాగా ఉంటుంది, సులువు కోసం సూచీ అంకెలే చెబుతున్నాను.) మరునాడు 22,488కి రాగానే సగం మూసేశాను, చేతికి 200 పాయింట్లు వచ్చాయి. మిగతా సగాన్ని శనివారం, ఆదివారం దాటించాను. తప్పంతా అక్కడే ఉంది.

జూన్ 1 సాయంత్రం లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం ఉదయం తొమ్మిదింబావుకి సూచీ ఏకంగా 23,337 వద్ద తెరుచుకుంది. నా స్టాప్‌లాస్ ధర దగ్గర అసలు బేరమే జరగలేదు. దాన్ని 200 పాయింట్లకు పైగా దాటేసి మార్కెట్ మొదలైంది. ఆ సగంపై 630 పాయింట్ల నష్టంతో బయటపడ్డాను. చార్టు మీది గీత అప్పటికే పెట్టుబడి పెట్టి ఇరుక్కున్నవారి గురించి చెబుతుంది గానీ, సెలవు రోజుల్లో రాబోయే వార్త గురించి ఏమీ చెప్పదు. అలాంటి తేదీ కళ్లెదుటే ఉన్నప్పుడు మొత్తం మూసేసి ఉండాల్సింది.

జూన్ 4న విజయవాడలోని మా ఇంట్లో అందరూ టీవీలో అసెంబ్లీ ఓట్ల లెక్కింపు చూస్తుంటే, నేను పక్క గదిలో చేతిలో ఒక్క పొజిషన్ (తెరిచి ఉన్న బేరం) కూడా లేకుండా నిఫ్టీ 21,281 వరకు పడడం చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ముగింపులో నష్టం 1,379 పాయింట్లు. శుక్రవారానికి సూచీ 23,290 వద్ద, అంటే సోమవారపు ముగింపు కన్నా పైన నిలిచింది.