అమ్మేద్దామనుకున్న రివాల్వర్

ఐదు గుళ్ళూ అరచేయంత చోటులోనే పడ్డాయి. ఏడు గజాల నుంచి, ఈ బుల్లి రివాల్వర్‌తో! షూటింగ్ రేంజ్‌లో పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన తొంగి చూసి బొటనవేలు పైకెత్తాడు.

కొన్న కొత్తలో దీన్ని చూస్తేనే ఒళ్ళు మండేది. అల్యూమినియం ఫ్రేము, అరకిలో కూడా లేని బరువు, రెండంగుళాల గొట్టం. పేల్చినప్పుడల్లా బొటనవేలి మొదట్లో చురుక్కుమనేది. ట్రిగ్గర్ లాగడమైతే తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టే. టెక్సస్‌లో కొనేవాళ్ళకేం కొదవ? అమ్మకానికి ఫొటోలు కూడా తీసిపెట్టుకున్నా.

ఈలోగా రేంజ్‌లో ఎవరో వాడ్‌కట్టర్లు వాడి చూడమన్నారు. మొన చదునుగా ఉండే, .38 స్పెషల్ అనే సైజు గుళ్ళు, ఒక్కో గుండు బరువు 148 గ్రెయిన్లు (దాదాపు తొమ్మిదిన్నర గ్రాములు). మందు తక్కువ, వెనక్కి తన్నడమూ తక్కువే. కాగితాన్ని చింపకుండా గుండ్రంగా కోస్తాయి, చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. పిడి కూడా కాస్త పెద్ద రబ్బరుది వేయించా. రాత్రిళ్ళు డమ్మీ గుళ్ళతో (ఒకటికి రెండుసార్లు చూసుకునే లెండి) ప్రాక్టీసు. ఆ టిక్కు టిక్కు వింటే మా ఆవిడకి చిరాకు.

ట్రిగ్గర్ ఇప్పటికీ బరువే. కాకపోతే ఆ బరువు వల్లే వేలు తొందరపడటం మానింది.

సాయంత్రం ఫ్రెండొకడు "ఇంకా అమ్ముతున్నావా?" అని మెసేజ్ పెట్టాడు. లేదన్నా. వాడ్‌కట్టర్లు చవగ్గా ఎక్కడ దొరుకుతాయో చెప్పమన్నా.