దత్తత పాప ఇంటికొచ్చిన తొలి రోజులు: అన్నీ ఒకేసారి మార్చకండి

పాపను తెచ్చుకునే ముందు గది సర్దుకోవడం, బట్టలు ఉతికి మడతపెట్టుకోవడం అందరూ చేసేదే. వాటికంటే ముందు సిద్ధం చేసుకోవలసింది ఒక కాగితం. ఇప్పటిదాకా పాపను చూసుకున్న మనిషి దగ్గర కూర్చుని, అడిగి, రాసుకున్న కాగితం. ఏ పాలపొడి వాడారు, ఎన్ని గంటలకోసారి పట్టారు, పూటకు ఎన్ని మిల్లీలీటర్లు తాగుతుంది, ఏ పేరుతో పిలిచేవారు, భుజాన వేసుకుంటే నిద్రపోతుందా లేక పడుకోబెట్టి జోకొట్టాలా, చీకట్లో పడుకుంటుందా, దీపం ఉండాలా, ఒంటికి ఏ సబ్బు వాడారు, ఇప్పటికి వేసిన టీకాలేమిటి. ఫైలులో ఇవన్నీ ఉంటాయని అనుకోకండి. ఫైలులో బరువు, పొడుగు, పరీక్షల వివరాలుంటాయి. పాప కుడిచేతి వేళ్లు చీకుతూ నిద్రపోతుందనే సంగతి ఆమెను ఎత్తుకు తిరిగిన మనిషికే తెలుసు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. నాలుగైదు నెలల పాపకు మాటలు రాకపోవచ్చు గానీ వాసనలు తెలుసు, గొంతులు తెలుసు, ఎత్తుకునే చేతుల తీరు తెలుసు. ఇంట్లో మనకు పండగ లాంటి ఆ రోజే, తనకు తెలిసినవన్నీ ఒక్కసారిగా పోయిన రోజు. అందుకే మార్చవలసినవి ఏమున్నా ఒక్కొక్కటిగా, మధ్యలో కొన్ని రోజుల ఎడంతో మార్చాలి. అక్కడ వాడిన దుప్పటిగానీ పొత్తిగుడ్డగానీ ఒకటి అడిగి తెచ్చుకోండి. దాన్ని ఉతకకండి. ఎత్తుకున్నప్పుడు మీ భుజం మీద వేసుకోండి. పాత వాసనా మీ వాసనా కలిసి కొన్నాళ్లు అలవాటు కావాలి. నిద్రపోయేటప్పుడు మాత్రం ఆ గుడ్డ పాప పక్కన ఉండకూడదు.

పాలపొడి కూడా అంతే. తాగుతున్నది మంచిది కాదని ఎవరో చెప్పారని మొదటి రోజే డబ్బా మార్చేస్తే, కడుపు ఉబ్బరం, గట్టి విరేచనం మొదలైనప్పుడు అది కొత్త పాల వల్లో కొత్త ఇంటి వల్లో తేల్చుకోలేరు. డాక్టరు వెంటనే మార్చమంటే తప్ప రెండు వారాలు అదే వాడండి. ఆ తర్వాత రోజుకు ఒక పూట చొప్పున కొత్తదానికి మారండి.

పాలు కలపడంలో ఎక్కువ పొరపాట్లు కొలత దగ్గరే జరుగుతాయి. నీళ్లు బాగా మరగనిచ్చి దింపి, అరగంట లోపే వాడాలి. పొడి వేసేటప్పటికి నీళ్ల వేడి 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. పాలపొడి క్రిములు లేని వస్తువు కాదు, అందులో అరుదుగా ఉండే క్రోనోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా చావాలంటే ఆ వేడి ఉండాలి. ముందు సీసాలో నీళ్లు కొలిచి పోయాలి, తర్వాతే పొడి వేయాలి. పొడి ముందు వేసి గీత దాకా నీళ్లు పోస్తే, పొడి ఆక్రమించిన మేర నీళ్లు తగ్గి పాలు చిక్కబడతాయి. చిక్కటి పాలతో మలబద్ధకం వస్తుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. పలచన చేస్తే ఇంకా ప్రమాదం: రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఆరు నెలలలోపు పాపకు దాహమేమోనని విడిగా నీళ్లు పట్టకూడదనేది కూడా ఇందుకే. ఆ డబ్బాలో వచ్చిన చెంచానే వాడండి. పొడిని నొక్కి నింపకుండా, కత్తి వెనకవైపుతో పైన చదును చేయండి. చెంచాకు ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లన్నది ఒక్కో డబ్బాకు ఒక్కోలా ఉంటుంది, డబ్బా మారినప్పుడల్లా చదవాలి. కలిపాక సీసాను కుళాయి కింద తిప్పుతూ చల్లార్చి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూడండి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే, తాగడం మొదలుపెట్టి గంట దాటితే పారబోయాల్సిందే. మిగిలినవి వేడి చేసి మళ్లీ పట్టకండి.

ఎన్ని పాలు? మొదటి వారం దాటిన పాపకు ఆరు నెలలలోపు, బరువులో ప్రతి కిలోకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు. నాలుగు కిలోల పాపకు రోజు మొత్తం 600, ఎనిమిది సార్లు పడితే పూటకు 75. ఇది అంచనా మాత్రమే. పాప తల తిప్పేసుకుంటే ఆపేయండి. సీసా ఖాళీ కావాలని పట్టు పట్టకండి. సరిపోతున్నాయా లేదా అన్నది చెప్పేవి తడి డైపర్లు, బరువు. రోజుకు ఆరు తడి డైపర్లకు తగ్గకూడదు. మొదటి మూడు నెలల్లో బరువు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. బట్టల్లేకుండా, ఎప్పుడూ అదే తూకం మీద, వారానికోసారి చూస్తే చాలు. రోజూ తూచి కంగారు పడొద్దు.

ఇక పాలు పట్టే తీరు. తొలి వారాల్లో దీని మీద పెట్టినంత శ్రద్ధ ఇంకే పని మీదా అక్కర్లేదు. ఒక మనిషి పదిమంది పిల్లల్ని చూసుకునే చోట సీసాకు తలగడ ఆసరా పెట్టి వదిలేయడం, త్వరగా అయిపోవాలని పీక రంధ్రం పెద్దది చేయడం మామూలు. అలా అలవాటైన పాప మన ఒళ్లో పడగానే ఒళ్లు బిగబట్టుకుంటుంది. చూపు పక్కకు తిప్పుకుంటుంది. సన్న రంధ్రం పీక ఇస్తే పాలు రావట్లేదని గుక్కపట్టి ఏడుస్తుంది. పాపకు మీరు నచ్చలేదని కాదు, ఎత్తుకుని పాలు పట్టడమే తనకు కొత్త.

మోచేతి వంపులో తల ఆనించి, పాపను సగం కూర్చున్నట్టు పట్టుకోండి. సీసాను నిటారుగా ఎత్తకుండా దాదాపు అడ్డంగా ఉంచండి. పీకలో సగం దాకా పాలుంటే చాలు. పీకతో పై పెదవిని తాకి, తానే నోరు తెరిచేదాకా ఆగండి. ఇప్పుడు సీసా వైపు కాదు, ముఖం వైపు, చేతుల వైపు చూడండి. కళ్లు పెద్దవవడం, వేళ్లు విచ్చుకోవడం, పెదవుల చివర నుంచి పాలు కారడం, ఊపిరి తీసుకోకుండా గటగటా మింగడం కనిపిస్తే వేగం ఎక్కువైందన్నమాట. పీకను నోట్లోంచి లాగేయకుండా సీసా అడుగును కిందికి దించితే పాలు ఆగుతాయి, పాప ఊపిరి తీసుకుంటుంది. ప్రతి 20, 30 మిల్లీలీటర్లకు ఇలా ఆగితే పొలమారడం, కక్కడం బాగా తగ్గుతాయి. సగమయ్యాక చెయ్యి మార్చి రెండోవైపు తిప్పుకోండి. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు పట్టాలి. కళ్లలోకి చూడమని ముఖం ముందుకు వంచి బలవంతం చేయొద్దు. మీ ముఖం అక్కడే ఉంటే చాలు, తనకు తోచినప్పుడు చూస్తుంది. ఫోను మాత్రం పక్క గదిలో ఉంచండి.

ఈ పని ఎవరు చేయాలి? కొన్ని వారాల పాటు అమ్మానాన్నలు మాత్రమే. పాలు పట్టడం, డైపర్ మార్చడం, స్నానం, నిద్రపుచ్చడం ఈ నాలుగూ ఇంకొకరి చేతికి పోకూడదు. నానమ్మకూ అమ్మమ్మకూ ఇది కష్టంగానే ఉంటుంది, ఎంతో ఎదురుచూసి వచ్చినవాళ్లు. ముందే కూర్చోబెట్టి చెప్పండి: "అమ్మా, తన మనుషులెవరో దీనికి ఇంకా తెలీదు. నెలన్నర ఆగు, తర్వాత నీ ఒళ్లోనే ఉంటుంది." వంట, బట్టలు, ఇంటి పనులు వాళ్లు చూసుకుంటే అంతకుమించిన సాయం లేదు. ఎవరెత్తుకున్నా నవ్వుతూ వెళ్లిపోతోందని చుట్టాలు మురిసిపోతారు. ఏడెనిమిది నెలలు దాటిన పాప అలా ఉంటే, మన మనుషులెవరో బయటివాళ్లెవరో ఇంకా తేడా కుదరలేదని అర్థం చేసుకోవాలి.

ఏడవని పాప గురించి ఒక మాట. "ఎంత బుద్ధిమంతురాలో, నోరెత్తదు" అంటే సంబరపడకండి. ఏడ్చినా ఎవరూ రాని చోట పిల్లలు ఏడవడం మానేస్తారు. అలాంటి పాపకు ఆకలైనా అడగదు కాబట్టి, మూడు గంటలకోసారి మీరే లేపి పట్టాలి. చిన్న మూలుగుకు కూడా వెంటనే వెళ్లాలి. కొన్ని వారాల తర్వాత గట్టిగా ఏడవడం మొదలుపెడితే అది మంచి కబురు. అయితే మందకొడితనం, మలబద్ధకం, బొంగురు గొంతు కలిసి కనిపిస్తే థైరాయిడ్ లోపం కావచ్చు. ఆ పరీక్ష ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

కాబట్టి మొదటి వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. పాత నివేదికలున్నా థైరాయిడ్, హిమోగ్లోబిన్, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, హెచ్‌ఐవి పరీక్షలు, వినికిడి పరీక్ష మళ్లీ చేయించాలా అని అడగండి. హెచ్‌ఐవి యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన పాపకు సోకినట్టు కాదు. కన్నతల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చు. వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షతోనే తెలుస్తుంది. అరచేతుల్లో, అరికాళ్లలో దురద పొక్కులుంటే గజ్జి కావచ్చు, అప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడాలి. నెలలు నిండకుండా పుట్టిన పాపైతే మెడ నిలబడడం, బోర్లాపడడం లాంటివి పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసి చూడాలి. మూడు నెలలలోపు పాపకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ తాకితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మాడు గుంటపడినా, ఎనిమిది గంటలు మూత్రం లేకపోయినా అంతే.

పడక మీ గదిలోనే, మీ మంచం పక్కన, వేరుగా. గట్టి పరుపు, వెల్లకిలా, తలగడా దుప్పటీ బొమ్మలూ లేకుండా. ఎక్కువసేపు వెల్లకిలా ఉంచినందువల్ల తల వెనక చదునైపోయిన పిల్లలు చాలామంది వస్తారు. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు మూడుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు బోర్లా పడుకోబెట్టండి. నేల మీద ఏడిస్తే మీరు వెనక్కి వాలి మీ ఛాతీ మీదే పడుకోబెట్టుకోండి. అదీ లెక్కే.

తల్లికి వెంటనే ప్రేమ పొంగుకురాకపోవడం, దిగులుగా ఉండడం కూడా జరుగుతుంది. కడుపున మోయకపోయినా ఈ దిగులు వస్తుంది, తండ్రికీ వస్తుంది. నిద్ర, తిండి సరిగా లేకుండా రెండు వారాలు దాటితే డాక్టరుతో చెప్పుకోండి. పాల వేళలు తప్పకపోయినా, ఆ దిగులు అలాగే సాగితే పాప మీద కూడా పడుతుంది, అందుకే ఆలస్యం చేయకండి.

పాత పేరుతో కొన్నాళ్లు పిలవండి, తర్వాత కొత్త పేరుతో కలిపి పిలవండి. దత్తత అన్న మాట ఇప్పటి నుంచే, స్నానం చేయిస్తూనో బట్టలు తొడుగుతూనో, ముద్దుగా అంటూ ఉండండి. ఆ మాట పలకడం ముందు మీ నోటికి అలవాటు కావాలి. కన్నవాళ్ల సంగతులు మాత్రం చుట్టాలకు చెప్పకండి. అవి పాపవి, పెద్దయ్యాక ముందు తనే వినాలి.

భుజం మీది ఆ పాత గుడ్డను పాప వెతుక్కోవడం మానేశాక ఉతికి ఆరేయండి. పారేయొద్దు. అడిగి రాసుకున్న ఆ మొదటి కాగితంతో కలిపి ఒక కవరులో పెట్టి, పైన తేదీ వేసి దాచండి.