నౌకను నడిపేది సిబ్బంది మాటలే

ఐదారుగురు కలిసి ఒకే అంతరిక్ష నౌకను నడిపే ఆటలో ఏ ఒక్కరికీ పూర్తి సమాచారం అందకూడదు. ఉద్యోగం పోగా మిగిలే తీరికలో కొంతకాలంగా అలాంటి కంప్యూటర్ ఆటనొకదాన్ని తయారు చేస్తున్నాను. అందులోని సాంకేతిక నిర్ణయాలు చాలావరకు ఈ నియమం నుంచే పుడుతున్నాయి.

ఈ తరహా ఆటలకు ఆదరణ తెచ్చినది థామ్ రాబర్ట్‌సన్ 2010లో విడుదల చేసిన ‘ఆర్టెమిస్’. అందులో నౌకను తిప్పేవారికి, ఆయుధాలు ప్రయోగించేవారికి, ఇంజనీరుకు, సైన్స్ అధికారికి, కమ్యూనికేషన్స్ అధికారికి వేర్వేరు తెరలుంటాయి. కెప్టెన్ మాత్రం అందరికీ కనిపించే పెద్ద తెరను చూస్తూ ఆదేశాలివ్వవలసిందే. ఆ బాటలోనే వచ్చిన ‘ఎంప్టీ ఎప్సిలాన్’ ఓపెన్ సోర్స్ కాబట్టి, సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న దాని కోడ్‌నూ, లూవా అనే మరో భాషలో రాసిన సన్నివేశాలనూ ఎవరైనా చదువుకోవచ్చు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చినది రక్షణ కవచాలను ఛేదించే పద్ధతి. శత్రునౌక కవచం ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర బలహీనంగా ఉందో, దాన్ని పూర్తిగా స్కాన్ చేసిన సైన్స్ అధికారికి తెలుస్తుంది. మన నౌక ప్రయోగించే ఆయుధ కిరణాల ఫ్రీక్వెన్సీని మార్చే అధికారం ఆయుధాల అధికారిది. ఆ కిరణాలకు అదనపు శక్తిని మళ్ళించేది ఇంజనీరు, అలా మళ్ళించినకొద్దీ పెరిగే వేడిని కూలెంట్‌తో (చల్లబరిచే ద్రవంతో) అదుపు చేయవలసినదీ ఆ ఇంజనీరే. ముగ్గురూ మాట్లాడుకుంటే తప్ప ఆ దాడికి పూర్తి బలం రాదు.

నా ఆటలో ఈ విభజనను తెర దగ్గర కాక, ఆటగాళ్ల కంప్యూటర్లన్నిటినీ కలిపే సర్వర్ దగ్గరే చేస్తున్నాను. నౌక స్థితి అంతా సర్వర్‌లోనే ఉంటుంది. ఆటగాడి కంప్యూటర్ ‘ఎడమకు తిప్పు’, ‘కవచం ఎత్తు’ వంటి కోరికలను మాత్రమే పంపుతుంది, సర్వర్ సెకనుకు 60 సార్లు లెక్క కట్టి, 20 సార్లు ఫలితాన్ని తిరిగి పంపుతుంది, మధ్యలోని కదలికను ఆటగాడి కంప్యూటరే పూరించుకుంటుంది. ఇంజనీరుకు శత్రువు జాడ కనిపించకూడదంటే ఆ వివరం అతని కంప్యూటర్‌కు అసలు చేరనే కూడదు. అంతా పంపి తెర మీద దాచడం సులువే కానీ, అలా దాచినది కొత్త ఫీచర్ చేర్చిన ప్రతిసారీ ఏదో ఒక మూల నుంచి బయటపడే ప్రమాదం ఉంటుంది.

అంతరిక్షం విశాలం కావడం వల్ల మరో చిక్కు ఉంది. కంప్యూటర్ దశాంశాలను దాచే 32 బిట్ల ‘ఫ్లోటింగ్ పాయింట్’ సంఖ్యలో 24 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది కనుక 1,67,77,216 దాటాక బేసి సంఖ్యలను కూడా అది చూపలేదు. దూరాన్ని మీటర్లలో కొలిస్తే, మూలబిందువుకు సుమారు 16,777 కిలోమీటర్ల అవతల నౌక రెండేసి మీటర్ల చొప్పున గెంతుతుంది, అప్పుడు దాన్ని అంతరిక్ష స్టేషన్‌కు మెల్లగా ఆనించడం అసాధ్యమవుతుంది. అందుకే సర్వర్‌లో స్థానాలను 64 బిట్లలో ఉంచి, బొమ్మ గీసేటప్పుడు మాత్రం కెమెరా నుంచి ఉన్న దూరాన్ని 32 బిట్లలోకి మారుస్తున్నాను.

మిత్రులతో ఆడించి చూసేటప్పుడు నేను తెరల కన్నా వారి సంభాషణనే ఎక్కువగా గమనిస్తాను. ఒక అధికారి చాలాసేపు మౌనంగా ఉన్నాడంటే అతని తెర మీద అవసరానికి మించిన సమాచారం ఉందనో, అతని పని మిగతావారికి అక్కరకు రావడం లేదనో అనుకుని అక్కడ మార్పులు చేస్తాను. ప్రస్తుతం ఆట మధ్యలో ఒకరి కనెక్షన్ తెగిపోతే వారి బాధ్యతను పక్కవారు వెంటనే అందుకునే ఏర్పాటును రాస్తున్నాను. అప్పుడు ఆ ఒక్కరికే రెండు తెరల సమాచారం చేరుతుంది కాబట్టి, ఏ రెండు బాధ్యతలను ఒకరి చేతిలో పెట్టవచ్చో తేల్చడమే ఇందులో అసలైన పని.