వాడి మొహం మాట వాడి ముందు ఎత్తొద్దు

మొటిమ వారం పది రోజుల్లో పోతుంది. అది వదిలిపెట్టిన నల్లమచ్చ మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది, అదీ మన ఛాయ పిల్లలకైతే ఇంకా ఎక్కువ కాలం. ఇక్కడ అమెరికాలో డాక్టర్ల ఆఫీసుల్లో పెట్టే కాగితాల మీద తెల్ల పిల్లల బొమ్మలే ఎక్కువ, ఎర్రటి దద్దురు పోతే తగ్గినట్టే అన్నట్టు ఉంటాయి. అందుకే "వయసు కదా, అదే పోతుంది" అని మనవాళ్లు ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. త్వరగా మందు మొదలుపెడితే మచ్చలు తక్కువ పడతాయి.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర. మా అబ్బాయి హైస్కూల్లో మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్నాడు. స్కూళ్లు ఆగస్టులో తెరుస్తారు, బ్యాండ్ పిల్లలకు అంతకంటే ముందే మండుటెండలో తారు మీద గంటల కొద్దీ ప్రాక్టీసు ఉంటుంది. చెమట, దాని మీద టోపీ పట్టీ గడ్డానికి రాసుకోవడం, సరిగ్గా ఆ పట్టీ ఆనే చోటే వరసగా మొటిమలు. పట్టీని రోజూ తుడవడం, ప్రాక్టీసు అవగానే మామూలు సబ్బు కాకుండా మృదువైన క్లెన్సర్‌తో మొహం కడుక్కోవడం, ఈ రెండూ అలవాటయ్యాక గడ్డం దగ్గర బాగా తగ్గింది.

స్కిన్ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడానికి ఇక్కడ నెలలు పడుతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మొటిమలకు రాసే అడాపలీన్ 0.1 శాతం జెల్‌ని డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కోవచ్చని ఇక్కడ మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2016లో అనుమతి ఇచ్చింది, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. రాత్రి పూట, మొహం బాగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయాలి, మొటిమ ఉన్నచోటే కాదు. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. మొదటి కొన్ని వారాలు పొట్టు రేగుతుంది, ఒక్కోసారి మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది, పిల్లలు అక్కడే మానేస్తారు. ఫలితం తెలియడానికి దాదాపు 12 వారాలు పడుతుంది కాబట్టి వేసవి సెలవులు మొదలవగానే పెడితే స్కూలు తెరిచేసరికి గండం గడుస్తుంది. ఉదయం పూట మొటిమలకే వాడే ఇంకో పూత మందు బెంజాయిల్ పెరాక్సైడ్ వాడితే 2.5 శాతం తీసుకోండి, 10 శాతంలో మంట ఎక్కువ తప్ప మేలు పెద్దగా ఎక్కువుండదు. అది తువ్వాళ్ల రంగు, దిండు గలీబుల రంగు పీల్చేస్తుంది, తెల్లవి కొనండి. సన్‌స్క్రీన్ తప్పనిసరి. మన పిల్లలు దాన్ని రాసుకోకపోవడానికి కారణం బద్ధకం కాదు, సున్నం కొట్టినట్టు తెల్లగా కనపడుతుందని. కొంచెం రంగు కలిపినవి వస్తాయి, వాటిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ మచ్చలు ముదరకుండా కూడా కాస్తుంది.

ఇక వీడియో కాల్స్. శనివారం రాత్రి ఫోన్ ఎత్తగానే మా అమ్మ వాడితో అనే మొదటి మాట, "ఏంట్రా నాన్నా, మొహం అలా అయిపోయింది? వేడి చేసిందేమో, మజ్జిగ తాగు." అందులో ప్రేమ తప్ప ఇంకేం లేదని నాకు తెలుసు. కానీ ఒకరి ఒంటి గురించి మొహాన మాట్లాడకూడదని ఇక్కడ కిండర్‌గార్టెన్ నుంచీ నేర్పుతారు, వాడికి అది చెంపదెబ్బలా తగిలింది. కొన్నాళ్లు ఫోన్‌ని సీలింగ్ వైపు తిప్పి మాట్లాడేవాడు. నేను అమ్మకి విడిగా ఫోన్ చేసి చెప్పాను, వాడి మొహం మాట వాడి ముందు ఎత్తొద్దమ్మా, అడగాలనిపిస్తే నన్నడుగు అని. పిన్నికీ, పెద్దమ్మకీ కూడా చెప్పాను. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది, కానీ మాట నిలబెట్టుకుంది, ఇప్పుడు బ్యాండ్‌లో ఏం పాట వాయిస్తున్నారని అడుగుతోంది. వాడికీ చెప్పాను, అమ్మమ్మ "చిక్కిపోయావు" అన్నా, "నల్లబడ్డావు" అన్నా అది నీ గురించి దిగులేనని.

తలనూనె సంగతి వేరే. కొబ్బరినూనె రాత్రంతా ఉంచుకుంటే నుదుటి మీదికి దిగి రంధ్రాలు పూడుకుంటాయి. నూనె మానేయమని నేననను. ఆదివారం పొద్దున పట్టించి గంటలో తలంటు పోసుకుంటే సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. ఇండియా నుంచి వచ్చే చుట్టాలు సూట్‌కేసులో తెచ్చే క్రీము ట్యూబులు. రాసిన మూడో రోజుకే మొహం తేటపడిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించాలి. మానేయగానే మొటిమలు రెట్టింపుగా తిరగబెడతాయి, చర్మం పల్చబడిపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదని ఆదేశించింది, అయినా ఇంట్లో ఎవరికో రాసిన ట్యూబు చేతులు మారుతూనే ఉంటుంది. ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ పేర్లు కనపడితే పిల్లల మొహానికి దగ్గరికి రానివ్వకండి.

అమ్మాయిలున్నవాళ్లకి ఇంకో మాట. మొటిమలు లోతుగా గడ్డలు కట్టి గుంటలు పడుతుంటే డాక్టర్ ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తారు. దానికి అమ్మాయిలకు నెలనెలా ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తారు, కొన్ని ప్రశ్నలు తల్లిని బయట కూర్చోబెట్టి అడుగుతారు. మన ఇళ్లలో ఈ మాట వినగానే అవమానం అనుకుని మందే వద్దనుకున్నవాళ్లున్నారు. ఆ మందు కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది గనుక ఆ నియమం పెట్టారు, మీ అమ్మాయిని అనుమానించి కాదు. ఇంటి దగ్గరే నెమ్మదిగా చెప్పి తీసుకెళ్లండి.

వచ్చే వేసవిలో మా అక్క కూతురి పెళ్లి. జెల్ వాడే మొహానికి పసుపూ శనగపిండీ వేసి రుద్దితే భగ్గుమంటుంది, నలుగు వాడి చేతులకే పెట్టమని అక్కకి ఇప్పుడే చెప్పి ఉంచాను.