ఉర్దూ రాకపోయినా ఇఫ్తార్‌కు రండి

మా ఇంట్లో రోజాను, అంటే రంజాన్ ఉపవాసాన్ని, ఒక్కపొద్దు అంటాం. మాది నంద్యాల దగ్గర పల్లె, దూదేకుల కుటుంబం. మా జేజినాయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నమాజులో చదివే ఖురాన్ సూరాలు తప్ప ఇంట్లో మాటలన్నీ తెలుగులోనే. రంజాన్ నెలలో సాయంత్రం మసీదు దగ్గర పోసే గంజి కోసం గిన్నె పట్టుకుని పరిగెత్తిన రోజులు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటాయి.

చదువు కోసం చికాగో వచ్చిన మొదటి శుక్రవారం మా క్యాంపస్‌లో జుమాకు, అంటే శుక్రవారం సామూహిక నమాజ్‌కు, వెళ్ళాను. ముస్లిం విద్యార్థుల సంఘం వాళ్ళు స్టూడెంట్ సెంటర్‌లో ఒక పెద్ద గది తీసుకుని, కుర్చీలు గోడవారకు జరిపి, నేల మీద తెల్ల దుప్పట్లు పరిచారు. ఖుత్బా (నమాజ్‌కు ముందు ప్రసంగం) ఇంగ్లిష్‌లో సాగింది. నమాజ్ అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి ఉర్దూలో పలకరించింది. నాకు రాదన్నాను. "ఇంట్లో ఏం మాట్లాడతారు మరి?" అని అడిగింది. తెలుగన్నాను. "ఇంట్లో కూడానా?" అంది. ఆమె మామూలుగానే అడిగింది కానీ నా మనసు చివుక్కుమంది. మూడు వారాలు అటువైపు వెళ్ళలేదు.

నాలుగో వారం వెళ్ళినప్పుడు నమాజ్ అయిపోయి అందరూ క్లాసులకు పరుగులు తీస్తున్నారు. ఒక అమ్మాయి ఒక్కతే దుప్పటి మడతపెట్టలేక తంటాలు పడుతోంది. వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. పదకొండు దుప్పట్లు మడిచేలోపు తెలిసింది, వాళ్ళది బోస్నియా అని. ఆమెకూ ఉర్దూ రాదు, అరబీలో మాట్లాడటమూ రాదు. "వచ్చే వారం కూడా వస్తావా?" అని అడిగింది. సంఘంలో నేను చేరడం అంటే అదే. ఫారం నింపింది ఆ తర్వాతెప్పుడో.

అమెరికా, కెనడాల ముస్లిం విద్యార్థుల సంఘం 1963లో పుట్టింది కూడా ఈ రాష్ట్రంలోనే, అర్బానా-షాంపేన్‌లోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో. వేర్వేరు దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్ళు కలిసి పెట్టుకున్నారు. వాళ్ళు కూడా ఇళ్ళలో ఒకే భాష మాట్లాడినవాళ్ళు కాదు కదా! ఈ సంగతి తెలిశాక నాకు గుండె నిండినట్టయింది.

ఇక అసలు విషయం. 2026 రంజాన్ నెలవంకను బట్టి ఫిబ్రవరి 18న గానీ 19న గానీ మొదలవుతుంది. ప్రతి మంగళ, గురువారాలు క్యాంపస్‌లో ఇఫ్తార్ పెడుతున్నాం. నేను ఆహార కమిటీలో ఉన్నాను. మొదట్లో సూర్యాస్తమయం ఐదున్నర ప్రాంతంలో ఉంటుంది. మార్చి 8న ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ముందు రోజు ఆరులోపే వచ్చే ఇఫ్తార్ ఆ రోజు ఏడు కావస్తుండగా వస్తుంది. గది బుకింగ్ మార్చాలి, మన దేశపు కొట్లుండే డేవన్ అవెన్యూ నుంచి భోజనం తెచ్చే కారు టైము మార్చాలి, సాయంత్రం క్లాసులున్నవాళ్ళకు ఖర్జూరాలు, నీళ్ళ బాటిల్ పొట్లం కట్టి పంపాలి. పోయినేడాది ఆ పొట్లాలు తక్కువ పడ్డాయి. ఒకబ్బాయి ల్యాబ్‌లో నీళ్ళతోనే ఒక్కపొద్దు విడిచాడని విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈసారి లెక్క నేనే రాస్తున్నాను.

మార్చిలో ఫాస్ట్-ఎ-థాన్ కూడా ఉంది. 2001లో నాక్స్‌విల్‌లోని టెనసీ విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుపెట్టింది ఇది. ముస్లింలు కానివాళ్ళు ఒక్క రోజు ఉపవాసం ఉంటామని పేరు ఇస్తారు. ఆ పేర్ల లెక్కన దాతలు పేదల ఆకలి తీర్చడానికి డబ్బు ఇస్తారు. సాయంత్రం అందరూ కలిసి తింటారు. మా రూమ్మేట్‌ది విజయవాడ. ఇంట్లో ఏకాదశి ఉపవాసాలు చూసి పెరిగిన పిల్ల. "నీళ్ళు కూడా తాగకూడదా?" అని రెండుసార్లు అడిగి మరీ పేరు రాయించింది. తెల్లవారుజామున సహరికి, ఉపవాసం మొదలయ్యే ముందు తినే భోజనానికి, నాతో పాటు లేస్తానంది. పప్పన్నం, పెరుగు పెడతానన్నాను.

పండగ మార్చి 20 ప్రాంతంలో పడుతుంది. మాకు అప్పుడు సెలవులు, హాస్టళ్ళు ఖాళీ అవుతాయి. ఊరికి పోలేని మనలాంటి వాళ్ళు గదుల్లో ఒక్కరే ఉండిపోతారు. వాళ్ళందరినీ ఒక చోట చేర్చాలన్నది నా పట్టుదల. ఈద్ నమాజ్‌కు కలిసి వెళ్ళడానికి కార్లున్నవాళ్ళ పేర్లు ఇప్పటి నుంచే రాసుకుంటున్నాను. ఎన్ని సీట్లున్నాయో చెబితే చాలు. ఏప్రిల్‌లో సంఘం బోర్డు ఎన్నికలున్నాయి, నిలబడాలనుకునేవాళ్ళు ఈ నెలంతా పనిలో కనిపిస్తే అందరికీ మీరెవరో తెలుస్తుంది.

తెలుగు ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు జుమాకు వచ్చి వెనక వరసలో కూర్చుని, సలాం తిప్పి నమాజ్ ముగించగానే వెళ్ళిపోతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ఎందుకంటే నేనూ అలాగే వెళ్ళిపోయాను. దయచేసి అలా వెళ్ళొద్దు. ఖర్జూరాలు లెక్కపెట్టడానికీ, శాకాహారం తినే అతిథుల ప్లేట్లు విడిగా పెట్టడానికీ, నేల తుడవడానికీ ఏ భాషైనా సరిపోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన అక్క ఒకామె మొన్న నాతో తెలుగులో మాట్లాడింది. ఇద్దరం గంటసేపు కబుర్లలో పడిపోయాం.

పోయినేడాది ఒక గురువారం ఇఫ్తార్‌కు ఉగ్గాని చేశాను. డేవన్‌లో మరమరాలని అమ్మేవి మన బొరుగులే. నానబెట్టి నీళ్ళు పిండేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టాను. అరవై మందికి చేస్తే సూర్యాస్తమయం తర్వాత చేసే మగ్రిబ్ నమాజ్ అయ్యేసరికి గిన్నె ఖాళీ. మొదటి రోజు ఉర్దూలో పలకరించిన ఆ అమ్మాయే అడుగున మిగిలింది గీకి తీసుకుంది. ఈసారి మొదటి గురువారానికి మళ్ళీ చేస్తున్నాను. మూడింటికి కింది అంతస్తు వంటగదిలో ఉంటాను. బొరుగులు తెచ్చేశాను, ఉల్లిపాయలు తరగడానికి ఇంకో ఇద్దరు కావాలి.