ఇంటిపేరు కోసం డీఎన్ఏ టెస్టు: ఇప్పటిదాకా తేలింది

మొదటి వారం

మా ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలని డీఎన్ఏ టెస్టుకి ఆర్డర్ పెట్టాను. ఉమ్మి పట్టే గొట్టం వచ్చింది. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. గీత దాకా నింపాలి, నురగ లెక్కలోకి రాదు. ఆ సంగతి చదవకుండా పంపిన మొదటి శాంపిల్ పనికిరాలేదు. మళ్లీ గొట్టం, మళ్లీ ఎదురుచూపు.

పదమూడో వారం

ఫలితం వచ్చింది. అందరిలాగే ముందు శాతాల మ్యాప్ చూశాను. రెండు రోజుల సరదా. కంపెనీ తమ దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసిన అంచనా అది, నమూనాలు మారితే శాతాలూ మారతాయి. అసలు సరుకంతా బంధువుల జాబితాలో ఉంది.

అక్కడ కొలత సెంటీమోర్గాన్: ఇద్దరికీ కలిసే డీఎన్ఏ ఎంతో చెబుతుంది. కన్నవాళ్లతో సుమారు 3,500, బాబాయి, మేనత్తలతో 1,700 చుట్టూ, వాళ్ల పిల్లలతో 850 చుట్టూ కలుస్తుంది. 7 లోపు ముక్కలు చాలాసార్లు ఉత్తుత్తివే, వదిలేస్తున్నాను.

చిక్కేమిటంటే సైటుకి అందరూ 'కజిన్'లే. బాబాయి కొడుకూ కజినే, మేనత్త కొడుకూ కజినే. ఇంటిపేరు వెతికేవాళ్లకి ఆ తేడాయే ముఖ్యం. అందుకే నా ఎక్సెల్ షీట్లో మన వరసలతో ఇంకో కాలమ్ పెట్టుకున్నాను.

తర్వాత నాతో 90 నుంచి 400 సెంటీమోర్గాన్ల మధ్య కలిసినవాళ్లకి రంగులు వేశాను. డానా లీడ్స్ అనే వంశావళి పరిశోధకురాలు 2018లో చెప్పిన పద్ధతి ఇది: ఒకరితో ఒకరు కలిసేవాళ్లందరికీ ఒకే రంగు. తాతలు, అమ్మమ్మ, నానమ్మ నలుగురికీ నాలుగు రంగులు రావాలి. నాకు మూడే వచ్చాయి. ఇంటిపేరు ఇచ్చిన తాత వైపే ఖాళీ.

పద్దెనిమిదో వారం

ఇంటిపేరులాగే వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, దాదాపు మారకుండా. ఆడదాన్ని, నాకది లేదు. నాన్న పోయి ఆరేళ్లయింది. వై టెస్టు చేయించుకోమని బాబాయిని అడిగాను. "బాబాయ్, మనకి నచ్చనిది కూడా రావచ్చు" అని ముందే చెప్పాను. "ఈ వయసులో నాకేం టెన్షనమ్మా, పంపించు" అన్నాడు.

ఇరవై ఏడో వారం

బాబాయి ఫలితం వచ్చింది. 37 మార్కర్లలో, అంటే వై మీద పోల్చి చూసే చోట్లలో, 36 కలిసినవాళ్లు ముగ్గురు. ముగ్గురికీ ఒకటే ఇంటిపేరు. మాది కాదు!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాస్త బుర్ర పనిచేసింది. మా ఇంటిపేరువాళ్లు అసలు ఎవరూ టెస్టు చేయించుకోలేదేమో. లేదా దత్తత కావచ్చు, సవతి తండ్రి పేరు కావచ్చు, ఎవరో పేరే మార్చుకుని ఉండొచ్చు. రాజుల ఇళ్లలో కూడా ఈ తండ్రీకొడుకుల గొలుసు తెగింది. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి. తల్లి వైపు డీఎన్ఏ నేటి బంధువులతో సరిపోయింది, మగ వరసలోని నేటి బంధువుల వై మాత్రం కలవలేదు.

మా గొలుసు ఎక్కడ తెగిందో తేలాలంటే రెండో మగమనిషి కావాలి, అదీ వేరే కొమ్మ నుంచి. చిన్నతాత కొడుకు కొడుకు సరిగ్గా సరిపోతాడు. అతని వై బాబాయితో కలిస్తే తేడా ముత్తాత దగ్గరో ఆ పైనో. కలవకపోతే మా రెండు కొమ్మల్లో ఒకదాంట్లో. అతనికీ ముందే అన్నీ చెప్పి, వై టెస్టు, నేను చేయించుకున్న టెస్టు రెండూ చేయించాను.

ముప్పై ఆరో వారం

బాబాయితో 37కి 37 కలిశాడు. నాతో 241 సెంటీమోర్గాన్లు, అన్నదమ్ముల మనవలకి ఉండాల్సినంతే. నా షీట్లో నాలుగో రంగుకి మొదటి మనిషి దొరికాడు.

అంటే తాత, చిన్నతాత ఇద్దరూ ఒకే తండ్రి పిల్లలు. తేడా ఉంటే ముత్తాత దగ్గరో అంతకు ముందో. ఎన్ని తరాల వెనక అన్నది 37 మార్కర్లతో తేలదు, అందుకని బాబాయి శాంపిల్‌నే 111కి పెంచమని అడిగాను. మళ్లీ శాంపిల్ ఇవ్వాల్సిన పని లేదు.

ఆ ముగ్గురిలో ఒకాయనకి మెసేజ్ పెట్టాను. నాలుగే వాక్యాలు. అనుమానాలేవీ రాయలేదు, వాళ్ల ముత్తాతకి అన్నదమ్ములు ఎందరని మాత్రమే అడిగాను. ఇంకా జవాబు లేదు. బాబాయి మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడు, "మనవాళ్లు ఏమైనా రాశారా?" అని.