షోపాన్ ప్రెల్యూడ్: ఎడమ బొటనవేలితో పేచీ

షోపాన్ పియానో కోసం రాసిన చిన్న పీసుల (ప్రెల్యూడ్‌ల) సంపుటి ఓపస్ 28లో నాలుగోది, 'ఈ' (E) మైనర్ స్కేల్లో ఉంటుంది. మొత్తం 25 బార్లే (తాళం గడులు), పైగా లార్గో, అంటే బాగా నెమ్మది. మొదటి బార్లలో కుడిచేతికి బి, సి తప్ప పెద్దగా పనే లేదు. ఎడమచేతికి మూడు నోట్ల కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాలు), బారుకి ఎనిమిది, మెల్లగా కిందికి జారుతూ ఉంటాయి. నోట్లు వేళ్లకు త్వరగానే ఎక్కాయి. కానీ వింటే మాత్రం పక్కింట్లో ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టుంది!

చెవిని నమ్మకుండా కీబోర్డు నుంచి మిడి (ఏ కీ ఎప్పుడు, ఎలా నొక్కామో రాసుకునే డిజిటల్ పద్ధతి) రికార్డు చేసి, ఎంత గట్టిగా నొక్కామో చెప్పే వెలాసిటీ అంకెలు చూశాను. మొదటి కార్డు జి-బి-ఈ. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 50 దగ్గర చిటికెన వేలు 30-34, మధ్యనోటు 36-40, బొటనవేలు 48-52. ఇక్కడిదాకా ఎలాగో భరించొచ్చు. రెండో బార్లో చిటికెన వేలి జి కాస్తా పక్కనున్న నల్ల కీ, ఎఫ్ షార్ప్, కాగానే బొటనవేలు 60 దాటుతోంది. కుడిచేతి రాగమే 62 దగ్గర ఉంటే ఇంక వినేదేముంది? దానికి తోడు అక్కడక్కడా మధ్యనోటు అసలు పలకడం లేదు.

పలకకపోవడానికి కారణం దొరికిందనే అనుకుంటున్నా. వేగం సగం చేస్తే ఒక్క నోటూ పోవడం లేదు. నా కీబోర్డులో కీ కదలికని పసిగట్టే సెన్సార్లు ఒక్కో కీకి రెండే, కీ బాగా పైకి లేస్తే గానీ మళ్లీ పలకదు. రోలాండ్ ఎఫ్‌పి-10 డిజిటల్ పియానోలా మూడు సెన్సార్లుంటే కీ సగం లేచినా చాలు. కొత్తగా కొనేవాళ్లు వందల టోన్లు (వాయిద్యాల ధ్వనులు), స్టైల్స్ (తయారుగా ఉన్న తాళాలు) లెక్కపెట్టడం మానేసి ఇది చూడండి.

బొటనవేలి సంగతి వేరు. వేగం సగం చేసినా అంకెలు మారలేదు, కాబట్టి సెన్సార్ల తప్పు కాదు. నా అనుమానం ఇదీ: చిటికెన వేలు నల్ల కీ మీదికి వెళ్లాలంటే చెయ్యి మొత్తం లోపలికి జరగాలి. అప్పుడు బొటనవేలు తన తెల్ల కీ ('ఈ', E) మీద బాగా లోపల పడుతుంది. అక్కడ కీ బరువెక్కువ. పలకదేమోనన్న భయంతో వేలు ఎక్కువ బలం పెడుతోంది. చిటికెన వేలికీ బొటనవేలికీ మధ్య సాగాల్సిన దూరం కూడా సిక్స్త్ (ఆరు స్వరాల దూరం) నుంచి సెవెన్త్‌కి పెరుగుతుంది, దాంతో వేలు పక్కకి వాలి చెయ్యి బరువంతా దాని మీదే పడుతోంది.

వేళ్లు 5-3-1 (1 బొటనవేలు, 5 చిటికెన వేలు) వదిలి 5-2-1 పట్టాను, తేడా నాలుగైదు పాయింట్లే. కుర్చీ మీద దుప్పటి మడిచి వేసి 3 సెంటీమీటర్లు ఎత్తు పెంచితే బొటనవేలు 50కి దిగింది. అన్నిటికన్నా పనిచేసింది మాత్రం బొటనవేలిని కీ మీద ఊరికే ఆనించి, నొక్కకుండా, మిగతా రెండు నోట్లే వాయించడం. తర్వాత దాన్ని కలిపితే ఓ నిమిషం పాటు 42. ఆ తర్వాత మళ్లీ పాత బుద్ధే.

ఎడమచేత్తో కార్డు నొక్కి పట్టుకుని కుడిచేత్తో సినిమా పాటలు వాయిస్తూ వచ్చినవాళ్లకి ఇలాంటి పీసులే ఎక్కువ ఏడిపిస్తాయి. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎమ్ సంగీత పరీక్షల సిలబస్‌లు, నొటేషన్ పుస్తకాలు వేసే హెన్లే వాళ్ల 1-9 కష్టం అంకెలు పనికొస్తాయి గానీ, మీ చెయ్యి ఏ అలవాటుతో వచ్చిందో వాటికి తెలియదు. పైనుంచి రంగు కడ్డీలు రాలే వీడియోలైతే మరీ దండగ, ఏ కీ నొక్కాలో చెబుతాయి, ఎంత మెత్తగా నొక్కాలో చెప్పవు.

 

16వ బార్లో వచ్చే స్ట్రెట్టో (వేగం పెంచమనే సూచన) దగ్గర ఇంకా వేలు పెట్టలేదు. బొటనవేలు 45 దాటకుండా మొదటి నాలుగు బార్లు నిలిచేదాకా దాని జోలికి వెళ్లను. ఈలోగా అదే ఓపస్‌లోని ఏడోది, 'ఏ' (A) మేజర్, సాధనకి పక్కన పెట్టుకున్నా. 16 బార్లే, ఎడమచేతికి మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకునే వీలుంది. 12వ బార్లో ఉన్న పెద్ద కార్డు మాత్రం నా చేతికి అందేలా లేదు. ఒకేసారి కాకుండా కింది నుంచి పైకి విడదీసి వాయిస్తే ఎలా ఉంటుందో ఆదివారం రికార్డు చేసి చూడాలి.